అమ్మీజాన్‌కానికి కలదు

ఆ రోజుల్లో కష్టాలు లేని ఆడపిల్లకు బెజవాడలో రచయిత్రి అయ్యే యోగం ఉండేది కాదు. ఇప్పుడెలా ఉందో నాకు తెలియదు, బహుశా ఇప్పుడూ అంతేనేమో. తొంభైల చివర్లో మాత్రం ఏ పత్రిక తెరిచినా స్త్రీలు తమ కుటుంబం గురించీ, తమ అస్తిత్వం గురించీ రాసుకున్న వ్యాసాలుండేవి. ప్రతి వ్యాసంలోనూ ఒక తండ్రి గుమ్మానికి అడ్డంగా నిలబడేవాడు, ఒక తల్లి కొంగుతో కళ్ళొత్తుకునేది, చివరి పేరాలో రచయిత్రి రెక్కలు విప్పుకునేది. అవన్నీ అబద్ధాలని నేననను. చాలామందివి నిజాలే, చదివి నేను నిజంగానే ఏడ్చాను. నా బాధల్లా నాకు అలాంటి బాధ ఒక్కటీ లేకపోవడం. మా నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ సందర్భం నాకు ఒకటే గుర్తుంది, అది ఆ గుమ్మానికి రంగు వేస్తున్నప్పుడు.

నాకప్పుడు ఇరవై ఒక్కేళ్ళు. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్‌ని. పెళ్ళికార్డులు, లాడ్జీల బిల్లు పుస్తకాలు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పొద్దస్తమానం కొట్టేదాన్ని. పెళ్ళికొడుకు పేరు పక్కన డిగ్రీ వేయించుకోవడం కోసం జనం పడే తాపత్రయం చూసి నవ్వుకునేదాన్ని. (నా పేరు ఎక్కడైనా అచ్చులో చూసుకోవాలని నేను పడే తాపత్రయం మాత్రం సాహిత్యాభిలాష.) మా ప్రెస్సు పైన మేడ మీద ఒక మహిళా మాసపత్రిక ఆఫీసు ఉండేది. వాళ్ళ కంపోజింగ్ కూడా మా దగ్గరే జరిగేది. నెలనెలా ఇతర ఆడవాళ్ళ కష్టాలు నా వేళ్ళ మీదుగా అచ్చుకు వెళ్తుంటే నాకు కడుపు మండిపోయేది. అసూయతో అని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడటం లేదు, అప్పుడు పడాల్సింది.

మా నాన్న ఆటోనగర్‌లో లారీలకు అక్షరాలు రాసేవాడు. లారీ వెనక చెక్క మీద 'అమ్మ దీవెన', ముందు అద్దం పైన యజమాని ఇంటి దేవుడి పేరు, పక్కన 'హారన్ కొట్టండి'. హిందువుల దేవుళ్ళూ, మా దర్గా బాబాలూ, చర్చి వాళ్ళ వాక్యాలూ అందరూ మా నాన్న కుంచె మీదుగానే హైవే ఎక్కేవారు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. షాపు ముందు ఎండలో పాత రేకు ముక్క పెట్టి, కుంచె నీళ్ళలో ముంచి నా చేతికి ఇచ్చేవాడు. కాలిన రేకు మీద నీళ్ళతో రాస్తే అక్షరం క్షణంలో ఆరిపోతుంది. అది ఆరేలోపు పూర్తిచేయాలి, లేకపోతే మళ్ళీ మొదటినుంచి. 'ఱ' దాకా వచ్చేసరికి నా బుగ్గలు కూడా రేకులాగే కాలిపోయేవి. చిన్నమెత్తు దీర్ఘం తప్పినా ఆయన ఒప్పుకునేవాడు కాదు. పది టైర్ల లారీ ఉన్న ఒక పెద్దాయన (ఆయన్ని మేమందరం పదిటైర్లాయన అనేవాళ్ళం) ఒకసారి "దీవెనకి దీర్ఘం ఎందుకు పెయింటర్ గారూ, కుదించి రాసెయ్యండి" అంటే, "తప్పు రాసిన బండి నా షాపులోంచి బయటికెళ్ళదండీ" అని కుంచె డబ్బాలో పడేశాడు. ఆ దీర్ఘం కోసం లారీ ఒక పూట ఆగింది.

ఇక మా అమ్మ. ఆవిడ నోటికి జడిసి పటమటలో మా పాలాయన నీళ్ళు కలపడం మానేశాడు. మేం మాట్లాడేది తెలుగు. ఉర్దూ మా ఇంటికి పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా వచ్చి, సలాం చెప్పి, భోంచేసి వెళ్ళిపోయేది. అందుకు అటువైపు బంధువులు "మీకు ఉర్దూ రాదా?" అని జాలిపడేవారు. ఇటువైపు లోకం "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ!" అని ఆశ్చర్యపోయేది. బెంజ్ సర్కిల్లో బస్సు దిగుతున్నప్పుడు కూడా ఎవరో ఒకరు నా పేరు విని ఆ మాట అనేవారు. మొదట్లో థాంక్సండీ అనేదాన్ని. తర్వాత్తర్వాత "మీరు కూడా బాగానే మాట్లాడుతున్నారండీ" అనడం మొదలుపెట్టాను. వాళ్ళకు అర్థమయ్యేది కాదు, నవ్వేసి వెళ్ళిపోయేవారు.

ఇలా ఉండగా మేడ మీది పత్రిక వాళ్ళు ఒక ప్రత్యేక సంచిక తలపెట్టారు. 'నేను, నా ఇల్లు, నా అస్తిత్వం' అని స్త్రీల వ్యాసాలు. నేను ఇంట్లో ఈ మాట చెప్పగానే అమ్మ కూర తరగడం ఆపింది.

"ఆస్తి గురించి రాస్తావా? మనకేం ఆస్తుందే రాయడానికి? ఆ మూడు గదులూ బయట పెడితే నీ బాబాయిలొచ్చి కూచుంటారు."

"ఆస్తి కాదమ్మా, అస్తిత్వం. అంటే మనం ఎవరం అని."

"మనమెవరమో తెలీకపోతే రేషన్ కార్డు చూసుకోవే. దానికి వ్యాసం ఎందుకు?" అంది అమ్మ.

నేను వ్యాసం రాశాను. నిజమే రాశాను. ఎండ, రేకు, నీళ్ళ అక్షరాలు, లారీని ఆపిన దీర్ఘం, ఈ రేషన్ కార్డు మాట కూడా రాశాను. దాన్ని తీసుకుని మేడ మీద సంచిక చూస్తున్న సబ్ ఎడిటర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్రతి రచనలోనూ ముందు ఆవేదన ఉందా లేదా అని వెతికేవారు గనక మా ప్రెస్సులో ఆయన్ని 'ఆవేదన గారు' అని పిలుచుకునేవాళ్ళం. మాట్లాడేటప్పుడు కళ్ళు సగం మూసుకునేవారు. బాధ లోపలినుంచి వస్తోందన్నమాట. ఆయన ఇంట్లో కాఫీ కప్పు తీసి కడిగిన పాపాన ఎప్పుడూ పోలేదని వాళ్ళావిడే మా ప్రెస్సుకు వచ్చినప్పుడు చెప్పింది. స్త్రీల ఆవేదన మీద మాత్రం ఆయనకు గుత్తహక్కు.

ఆయన చదివారు. కళ్ళు సగం మూశారు.

"బాగా రాశావమ్మా. భాష భలే ఉంది. మీవాళ్ళలో ఇంత మంచి తెలుగు... సరే. కానీ ఆవేదన చాల్లేదు."

"ఎంత కావాలండీ?" అన్నాను. (వెటకారం కాదు. పెళ్ళికార్డుల వాళ్ళని ఎన్ని కావాలండీ అని అడిగీ అడిగీ పడిన అలవాటు.)

"మీ నాన్నగారు చదువు మాన్పించలేదా?"

"లేదండీ. ఇంటర్లో లెక్కలు తప్పితే నేనే మానేస్తానన్నానండీ. ఆయనే వెళ్ళి మళ్ళీ పరీక్షకి కట్టొచ్చాడు."

"బయటికి వెళ్తే అభ్యంతరం?"

"గొడుగు మర్చిపోతే మా అమ్మ అరుస్తుందండీ."

"పోనీ కలం పట్టుకుంటే?"

"రాత బాగాలేదని తిడతాడండీ."

ఆవేదన గారు పెన్నుకు మూత పెట్టేశారు. "ఇట్టాగైతే కష్టమమ్మా. ఈ రేకులూ నీళ్ళూ ఎవరిక్కావాలి చెప్పు? నీ పేరు చూసి పాఠకులు ఏదో ఆశిస్తారు కదా. లోపలికి వెళ్ళు. తవ్వు."

నేను వెళ్ళాను. తవ్వాను. నీళ్ళు పడని చోట బోరు వేసినవాడు పరువు కోసం రెండు బిందెలు తనే పోసి తోడుకున్నట్టు, నాలోంచి కూడా కాసింత ఆవేదన పైకి తీశాను. భోజనాల వేళ టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని రాసిన వాక్యం ఇది: 'ఆ రోజు మా నాన్న నా చేతిలోంచి కలం లాక్కుని, రెండు ముక్కలుగా విరిచి, భగ్గున మండే పొయ్యిలో పడేశాడు.' (మాది గ్యాస్ పొయ్యి. అందులో పెన్ను పడేస్తే బర్నర్ పాడైపోతుంది. అమ్మ ఊరుకునేదా?) అక్కడితో ఆగానా? లేదు. 'మా అమ్మ వండే బిర్యానీలో ఉప్పు ఆమె కన్నీళ్ళదే' అని కూడా రాశాను. రాసి, నా కష్టానికి నేనే కరిగిపోయి, ఆ డబ్బాలోని గోంగూర అన్నం మీద నాలుగు కన్నీటి బొట్లు రాల్చాను. ఆ గోంగూర అమ్మ పొద్దున్నే లేచి నూరింది. ఆ టిఫిన్ డబ్బా మూత మీద నా పేరు నాన్న ఎర్ర ఎనామిల్‌తో రాశాడు. అవి రెండూ నా ఎదురుగానే ఉన్నాయి, నాకు సిగ్గు అనిపించలేదు. ఇంత నిఖార్సైన మూర్ఖత్వం మళ్ళీ నాలో ఎప్పుడూ కనిపించలేదు, ఆ వయసుకే అది సాధ్యం.

ఆవేదన గారు చదివి, కళ్ళు పూర్తిగా మూసుకున్నారు. అంటే రచన అంగీకరించబడిందని అర్థం. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచారు.

"ఒక్క చిన్న మార్పమ్మా. అమ్మ, అమ్మ అని రాశావు. అమ్మీజాన్ అని పెట్టు. వాతావరణం రావాలి కదా."

"మేం అమ్మ అనే పిలుస్తామండీ."

"మీరు ఏమని పిలుస్తారన్నది కాదమ్మా ప్రశ్న, పాఠకులు ఏమనుకుంటారన్నది."

ఇక్కడైనా నేను మొండికేసి ఉంటే ఈ వయసులో నన్ను నేను కాస్త గౌరవించుకునేదాన్ని. వెయ్యలేదు. అచ్చుకు వెళ్ళే రోజు, కరెంటు పోయేలోపు పని తెమలాలి. ఒక్కొక్క అమ్మనూ వెతికి మార్చే ఓపిక లేక, వెతకాల్సిన మాట దగ్గర 'అమ్మ' అని, దాని బదులు పెట్టాల్సిన మాట దగ్గర 'అమ్మీజాన్' అని కొట్టి, మొత్తం మార్చెయ్ అని ఒక్క నొక్కు నొక్కాను. ఆ ఫైల్లో ఉన్నది నా వ్యాసం ఒక్కటే కాదన్న సంగతి ఆ క్షణంలో నాకు తోచలేదు. వెనక పేజీలో 'అమ్మమ్మ చిట్కాలు' శీర్షిక 'అమ్మీజాన్మ్మ చిట్కాలు' అయి కూర్చుంది. దాని కింద అమ్మవారి అలంకారాల గురించి రాసిన పేరా ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ రెండూ పెద్ద అక్షరాల్లో ఉండబట్టి ప్రూఫులో నా కంటపడ్డాయి, గబగబా దిద్దేశాను. ఆ పేరా అలాగే అచ్చుకు వెళ్ళి ఉంటే ఈ జ్ఞాపకం హాస్యం కింద చెప్పుకోగలిగేది కాదు. చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న చిన్న ప్రకటనలను మాత్రం ఎవరూ చూడలేదు.

సంచిక వచ్చింది. నా పేరు లావు అక్షరాల్లో. నేను మురిసిపోయాను గానీ ఇంట్లో చెప్పలేదు. మా నాన్న చదివేవి రెండే, పొద్దున్న దినపత్రిక, పగలంతా లారీలు. మహిళా మాసపత్రిక ఆయన కంటపడే దారే లేదని నా ధీమా. కానీ పదిటైర్లాయన భార్య ఎంబ్రాయిడరీ డిజైన్ల కోసం ఆ పత్రిక తెప్పించుకుంటుందని నాకేం తెలుసు? శుక్రవారం సాయంత్రం నాన్న ఇంటికి వస్తూనే సంచీలోంచి పత్రిక తీశాడు. దాన్ని దినపత్రికలో పొట్లం కట్టి తెచ్చాడు, రంగు అంటకూడదని.

"ఏమ్మా, పుస్తకంలో పేరు పడితే చెప్పవా? పదిటైర్లాయన చెబితే తెలిసింది నాకు. బస్టాండుకెళ్ళి తెచ్చుకున్నా."

"చదివావా నాన్నా?" అన్నాను.

"ఎక్కడ చదివాను? తెరవనే లేదు. రేపు మధ్యాహ్నం షాపుకి రా. నువ్వు పక్కనుండగా తెరుస్తా. అందరూ వింటామన్నారు. నాకు అక్షరాలు తప్ప వాక్యాలు రావు కదమ్మా, నీకొచ్చినై." ఆయన మొహం కొత్త రంగేసిన లారీలా మెరిసిపోతోంది.

ఆ మొహం చూశాక నాకు మొదటిసారి నా వాక్యం నా చెవిలో వినబడింది. కలం లాక్కుని, రెండు ముక్కలుగా విరిచి. ఆటోనగర్‌లో, ఆయన్ని పెయింటర్ గారూ అని గౌరవంగా పిలిచే మనుషుల మధ్య, ఆయన నోటితోనే ఆయన ఆ వాక్యం చదవబోతున్నాడు. పారిపోవాలనుకున్నాను. జ్వరం తెచ్చుకోవాలనుకున్నాను. చివరికి శనివారం పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, ఆయన చదువుకునే కళ్ళద్దాలు తీసి బియ్యం డబ్బాలో అడుగుదాకా తోసేశాను. ఆలోచనాపరురాలైన రచయిత్రికి తట్టిన మహోపాయం అది. ఆయన ఇల్లంతా వెతికి, "ఎక్కడ పెట్టానో" అని తనను తానే విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆటోనగర్ చేరేసరికి షాపు ముందు ఒక లారీ పక్కన రెండు బెంచీలు వేశారు. పదిటైర్లాయన, బాడీ బిల్డింగ్ షెడ్డు మేస్త్రి, ఇద్దరు డ్రైవర్లు, టీ కొట్టాయన. ఎప్పుడూ ఆగని గ్రైండింగ్ మిషను నాకోసం ఆపారు. ఆ నిశ్శబ్దంలో నాన్న పత్రిక తెరిచి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, తల అడ్డంగా తిప్పాడు.

"అద్దాలు లేకుండా ఆనట్లేదు."

"ఇటివ్వు నాన్నా, నేను చదువుతా" అని చెయ్యి చాపాను. నా పథకం అదే. ఆ వాక్యాన్ని మింగేసి మిగతాది చదివేస్తే సరి.

"తప్పు. రాసినోళ్ళు చదవకూడదు. వాళ్ళకి తప్పులు కనపడవు" అన్నాడు నాన్న. ఇంతలో పదిటైర్లాయన జేబులోంచి తన అద్దాలు తీశాడు. "ఇవి పెట్టుకోండి పెయింటర్ గారూ, చూపు ఒకటేలే మనది." దొంగకు తేలు కుట్టినట్టు నేను నోరు మూసుకుని బెంచీ చివర కూలబడ్డాను.

నాన్న చదవడం మొదలుపెట్టాడు. గట్టిగా, ఒక్కో పదాన్నీ విడదీసి, లారీ మీద రాస్తున్నంత నింపాదిగా. 'మా అమ్మ...' అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. అక్కడ అచ్చులో ఉన్నది అమ్మీజాన్. తర్వాత మళ్ళీ 'మా అమ్మ' అన్నాడు. బిర్యానీ దగ్గర 'మా అమ్మ వండే బిర్యానీలో ఉప్పు సరిగ్గా ఉంటుంది' అని చదివాడు. ("అది నిజమే" అన్నాడు టీ కొట్టాయన. రంజానుకు మా ఇంట్లో తిన్నాడు.) నాకు ఊపిరాడింది. పరాయి అద్దాలు, అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, అందిన మాటలు అందినట్టు కలుపుకుంటున్నాడు అనుకున్నాను. అంతలోనే ఆ పేరా వచ్చింది.

"ఆ రోజు మా నాన్న నా చేతిలోంచి కలం లాక్కుని..."

ఆగాడు. అద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. షెడ్డు మేస్త్రి ముందుకు వంగాడు. నేను నా చెప్పుల వంక చూస్తున్నాను.

"...కలం లాక్కుని, మొన సరిచేసి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు" అని పూర్తిచేసి పేజీ తిప్పాడు.

"లాక్కోడమెందుకు, ఇవ్వడమెందుకు?" అన్నాడు ఒక డ్రైవరు.

"అదేరా రచనంటే" అన్నాడు పదిటైర్లాయన. అందరూ తలలూపారు. నాన్న చివరిదాకా చదివి, పత్రిక మూసి, మళ్ళీ దినపత్రికలో పొట్లం కట్టి లోపల పెట్టుకున్నాడు. టీలొచ్చాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను టీ గుటకలు వేస్తూ, దేవుడా, ఆ అద్దాలు ఆయనకు ఆనకుండా చేసినందుకు నీకు వేయి సలాములు అనుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కాస్త పాట కూడా పాడుకున్నట్టు గుర్తు.

ఆ పాట ఆదివారం పొద్దున్నే ఆగిపోయింది. నాన్న మిగిలిన పనేదో ఉందని షాపుకు వెళ్ళాడు. పక్కింటావిడ ఎక్కడో సంపాదించిన పత్రిక తెచ్చి అమ్మకు ఇచ్చింది. అమ్మ నట్టింట్లో కూర్చుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. నేను వంటింట్లో ఉన్నాను.

"ఇట్రావే" అంది. వెళ్ళాను.

"ఎవరే ఈ అమ్మీజాను?"

"నువ్వేనమ్మా."

"నేనా? ఇరవయ్యేళ్ళ బట్టీ అమ్మా, అమ్మా అని నా ప్రాణం తీసి, ఇప్పుడు పుస్తకంలో ఎవరినో తెచ్చి పెట్టావే? బిర్యానీలో కన్నీళ్ళ ఉప్పంట! కల్లుప్పు వేస్తాను గానీ కళ్ళ ఉప్పు వేస్తానంటే? ఉల్లిపాయలు తరిగేటప్పుడు తప్ప నేనెప్పుడేడ్చానే ఈ ఇంట్లో? ఏడిపించడానికే నాకు తీరిక చాలట్లా." అక్కడ ఆగి, ఇంకో వరుస మీద వేలు పెట్టింది. "ఈయన కలం విరిచాడా? ఈయనా? ములక్కాడ విరవమంటే చాకు అడుగుతాడు ఈయన!"

అమ్మ పేజీలు తిరగేసింది. చివరి పేజీలో ఆవిడ వేలు ఆగిపోయింది.

"ఇదేంటే? 'పాత కుట్టుమిషను అమ్మీజాన్‌కానికి కలదు' అంట. బందరు రోడ్డులో స్థలం కూడా అమ్మీజాన్‌కానికే ఉందంట. ఈ కుట్టుమిషనుకి నేనెప్పుడయ్యానే అమ్మీజాన్ని? స్థలమైతే పోనీలే అనుకోవచ్చు." తిట్టడానికని నోరు తెరిచిన అమ్మకు నవ్వు ఆగలేదు. నాక్కూడా ఆగలేదు. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం. తర్వాత ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. (మా అమ్మ కొంగుతో కళ్ళొత్తుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. వ్యాసంలో రాయడానికి ఆలస్యమైపోయింది.)

"నాన్న చదివాడా ఇది?" అంది తర్వాత, నవ్వు తగ్గాక.

"చదివాడు గానీ సరిగ్గా కనపడలేదమ్మా. అద్దాలు ఆయనవి కాదు."

అమ్మ నావైపు ఒక చూపు చూసి, అన్నం వండడానికి లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసేసరికి సోల బదులు కళ్ళద్దాలు వచ్చాయి. అద్దాలను కొంగుతో తుడిచి, నాన్న దినపత్రిక మీద పెట్టింది. ఆవిడ తిట్టకుండా ఉన్న సందర్భాలు నా జీవితంలో తక్కువ, అందుకే అది బాగా గుర్తుండిపోయింది.

సాయంత్రం నాన్న వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొట్లం విప్పి పత్రిక నా చేతికిచ్చాడు. ఇంకా ఎనామిల్ వాసన వస్తోంది. నా వ్యాసంలో ఉన్న ప్రతి అమ్మీజాన్ మీదా సన్నని ఎర్ర గీత. దాని పైన, నంబరు ప్లేట్ల మీద చిన్న అక్షరాలు రాసే అన్నిటికంటే సన్న కుంచెతో, 'అమ్మ'. లారీల వెనక రాసే అదే అమ్మ, అదే గుండ్రని తలకట్టు, అదే ఒత్తు. చివరి పేజీలో కుట్టుమిషను కూడా అమ్మకానికి వచ్చేసింది, స్థలం కూడా. చీమ తలకాయంత అక్షరాలు. ఒక్కటి వదల్లేదు.

"అచ్చుతప్పులు దిద్దానమ్మా" అన్నాడు. "పదిటైర్లాయన అద్దాలు నావాటికంటే బాగున్నై. అన్నీ కనపడ్డై."

నేను ఆ పేరా వెతుక్కున్నాను. కలం లాక్కుని, రెండు ముక్కలుగా విరిచి. దాని మీద గీత లేదు, చుక్క లేదు. అచ్చయినట్టే ఉంది.

"ఇది..." అన్నాను.

"అది అచ్చుతప్పు కాదు కదమ్మా" అన్నాడు నాన్న మెల్లగా. "రాసినోళ్ళే దిద్దుకోవాలి."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా నేను బతికేదాన్ని. నేను ఏడ్చాను, ఈసారి గోంగూర మీద కాదు. నాన్న నా తల మీద చెయ్యి వేసి, దినపత్రిక మీదున్న అద్దాలు తీసుకుని చూసుకున్నాడు. వాటి సందులో ఒక బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో తీస్తూ, "ఈసారి దాస్తే మినప్పప్పులో దాచు. మీ అమ్మ అందులో వారానికొక్కసారే చెయ్యి పెడుతుంది" అన్నాడు.

ఇదంతా జరిగి ఏళ్ళు గడిచాయి. లారీలకు ఇప్పుడు కంప్యూటర్లో కత్తిరించిన స్టిక్కర్లు అంటిస్తున్నారు. 'దీవెన'కు దీర్ఘం లేని బళ్ళు బెంజ్ సర్కిల్ దగ్గర రోజూ కనిపిస్తాయి, చూసిన ప్రతిసారీ ఎవరో నా చెవి మెలేసినట్టుంటుంది. నేను ఏవో నాలుగు కథలు రాసి, ఏదో ఒక రకం రచయిత్రినైపోయాను. సభలకు పిలుస్తారు. పిలిచినప్పుడల్లా వేదిక మీద ఎవరో ఒకరు, ఆ పాత వ్యాసం ఎక్కడ చదివారో ఏమో, "తండ్రి కలం విరిచేసినా వెనుదీయని ధీరవనిత" అని పరిచయం చేస్తారు. చప్పట్లు కొడతారు. దిద్దడానికి లేవబోతాను, అప్పటికే శాలువా మీద పడుతుంది. చలికి కాదు గానీ, ఆ శాలువా కింద నేను ఎన్నిసార్లు వణికానో నాకే తెలుసు. సభ అయ్యాక ఎవరో వచ్చి "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అంటారు. వాళ్ళను వెక్కిరించే హక్కు నాకెక్కడిది? నాన్న నేర్పిన తెలుగుతో నాన్న మీదే అబద్ధం రాసినదాన్ని.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కడానికి నాకు ఒక భోజనాల వేళ సరిపోయింది, కడగడానికి ఇన్నేళ్ళు పట్టింది. సరే, ఇదిగో: మా నాన్న నా చేతిలోంచి కలం లాక్కోలేదు. విరవలేదు. మాది గ్యాస్ పొయ్యి. ఆయన నాకు ఎండలో, కాలే రేకు మీద, నీళ్ళతో అక్షరాలు నేర్పాడు. ఆ టిఫిన్ డబ్బా పక్కన కూర్చుని తన కన్నీళ్ళను తానే మెచ్చుకున్న ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఇప్పుడు నా ఎదురుగా వస్తే ముందు రెండు తగిలించి, తర్వాత ఆ గోంగూరలో ఒక ముద్ద నాకూ పెట్టమని అడుగుతాను.

ఇది అచ్చయ్యాక నాన్న చదువుతాడు. పక్క గదిలో పొద్దుటి నుంచీ అద్దాల కోసం వెతుక్కుంటున్నాడు. ఈసారి నేను దాచలేదు.